మేడ మీది మంచం

ఇక బాగుకారని అందరూ వదిలేసిన రోగుల్నే నూరుల్లా హకీం చూసేవాడు. వాళ్లను చివరిదాకా ఎలా చూసుకోవాలో శిష్యులకు నేర్పేవాడు. పుండ్లు పడకుండా ఒళ్లు తిప్పడం, నొప్పి తగ్గించడం, ఎండిన పెదాలు తడపడం, నాడి పట్టి ఎంత ఆయువు మిగిలిందో అంచనా కట్టడం. ఆ శిష్యుల్లో ఒకడైన దస్తగిరికి ఇవన్నీ వచ్చు. అయినా ఉస్తాద్ ఒక్క రోగిని కూడా తనకు ఒంటరిగా అప్పగించలేదన్నది అతని దిగులు.

ఒక పొద్దున హకీం పిలిచి, కోట కింద వీధిలో చాంద్ పీరాకు కడుపులో గడ్డ ముదిరిపోయిందనీ, ఇక నువ్వే చూసుకోవాలనీ చెప్పాడు. దస్తగిరి మందుల సంచి భుజాన వేసుకుని దాదాపు పరుగెత్తాడు.

చాంద్ పీరా పావురాలు పెంచే మనిషి. మేడ నిండా గూళ్లు. ఆ కువకువలు, గాలికి లేచే ఈకలు చూసి దస్తగిరి రోగికి ఇవి మంచివి కావన్నాడు. గూళ్లన్నీ వీధి చివర చుట్టాలింటికి పంపించేశాడు. కిటికీలు మూయించాడు. ఎవరూ గట్టిగా మాట్లాడకూడదన్నాడు. మందు పడ్డాక నొప్పి దిగింది. మెలికలు తిరుగుతున్న మనిషి కాళ్లు చాపుకుని పడుకున్నాడు. ఆయన భార్య హుసేన్‌బీ కళ్లు తుడుచుకుంటూ దండం పెట్టింది.

కానీ ఆ తర్వాత చాంద్ పీరా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే పలకడు. గంజి పెడితే నోరు తెరవడు. దస్తగిరి ఓర్పు గురించి, పైలోకం గురించి తనకు తెలిసిన మంచి మాటలన్నీ చెప్పి చూశాడు. రెండు మూడు రోజులు అలాగే గడిచాయి. చివరికి అతనికి ఒకటి తోచింది. సంతోషంగా ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

"నొప్పి లేదు ఉస్తాద్. ఊపిరి నెమ్మదిగా ఉంది. మనసు లోకం నుంచి తెగిపోయింది. ఈ రోజు దాటడు."

హకీం చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

రోగి ఇంటికి వచ్చాక హకీం నాడి చూడలేదు. మంచం పక్కన కింద కూర్చుని, హుసేన్‌బీతో కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడాడు. తర్వాత రోగి వైపు వంగాడు.

"చాంద్ భాయ్, ఈ రోజు గుత్తిలో వదిలి ఇళ్లకు ఎగరేసే పావురాల పందెమట కదా. మీ చుట్టాలు పంపితే నీ బూడిద రంగుది కూడా ఎగిరిందట."

గోడవైపున్న ముఖం మెల్లగా ఇటు తిరిగింది.

"ఎగిరితే ఏం లాభం సాబ్? దాని జోడు మేడ మీద లేదు. పక్క మేడలవాళ్లు వాళ్ల గుంపు లేపితే ఇది వాటితో వెళ్లిపోతుంది."

ఆ జోడును పంపించేసింది దస్తగిరే. హకీం అతని వైపు చూశాడు, అంతే. దస్తగిరి వీధిలోకి పరుగు తీశాడు.

గూళ్లు ఒకదాని మీద ఒకటి ఎత్తుకుని చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి, హకీం ఇరుగుపొరుగుల్ని పిలిచి మంచం ఎత్తిస్తున్నాడు. మెట్ల మీదే ప్రాణం పోతుందేమోనని దస్తగిరి గొణిగాడు. హకీం వినిపించుకోకుండా మంచం కోడు ఒకటి తన భుజం మీదికి ఎత్తుకున్నాడు.

మేడ మీద ఎండ, గాలి. చుట్టూ ప్రతి మేడ మీదా జనం. ఆకాశం ఖాళీగా ఉంది. చాంద్ పీరాను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు.

"జోడు గూడు తెరువు. తెల్లదాన్ని చేతిలోకి తీసుకో," అన్నాడు చాంద్ పీరా దస్తగిరితో. "గట్టిగా పిసక్కు. మినారుకు ఎడమపక్క చూస్తూ ఉండు."

దస్తగిరికి ఏమీ కనపడలేదు. కనపడలేదనేలోపే పక్క మేడ నుంచి ఒక గుంపు రివ్వున లేచింది. దూరంగా ఒక చుక్క ఆ గుంపువైపే వస్తోంది, దానిలో కలిసిపోతోంది.

"ఇప్పుడు," అన్నాడు చాంద్ పీరా. "తెల్లదాని రెక్కలు ఆడించు. పైకి ఎత్తు. ఇంకా పైకి."

దస్తగిరి పిట్టగోడ ఎక్కేశాడు. పావురాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని పిచ్చివాడిలా ఊపాడు. ఈల వెయ్యడం రాకపోయినా వేశాడు. గుంపు ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు తిరిగింది. అందులోంచి ఒక్కటి, రాయి జారినట్టు, విడివడి కిందికి దూకింది. నేరుగా వచ్చి మంచం పట్టె మీద వాలింది.

మేడలన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. దస్తగిరి పిట్టగోడ మీదే గంతులు వేశాడు. తాను ఎందుకొచ్చాడో, ఎవరి దగ్గరికొచ్చాడో అతనికి గుర్తే లేదు. గుర్తొచ్చాక గబగబా దిగి నాడి చూద్దామని చెయ్యి చాపాడు.

చాంద్ పీరా పావురాన్ని గుండెకు పొదువుకుని ఉన్నాడు.

"ఆగు నాయనా," అన్నాడు నవ్వుతూ. "చేతులు ఖాళీ లేవు."

ఆ సాయంత్రం ఆయన గంజి అడిగి తాగాడు. ఇంకొన్నాళ్లు బతికాడు. మంచం మళ్లీ కిందికి దింపలేదు. దస్తగిరి రోజూ మందిచ్చాక ఆ మంచం పక్కనే కూర్చుని, ఏ పావురం ఏ జాతిదో, దేని బుద్ధి ఎలాంటిదో అడిగి తెలుసుకునేవాడు. ఒక తెల్లవారుజామున, హుసేన్‌బీ చేతిలో చెయ్యి పెట్టి, చాంద్ పీరా నిద్రలోనే వెళ్లిపోయాడు.

ఖననం నుంచి తిరిగొస్తుంటే దస్తగిరి దారిలో ఆగి అడిగాడు.

"ఉస్తాద్, మందు పడ్డాకే గదా ఆయన గోడవైపు తిరిగాడు, నేనిచ్చిన మందు తప్పా?"

"తప్పెందుకవుతుంది?" అన్నాడు హకీం. "మందు బాగా పనిచేసింది. అందుకే గదా ఆయన మేడెక్కగలిగాడు."