ఆవిరి గొట్టం

లంబసింగిలో గౌరినాయుడు అనే చిన్న లాడ్జి యజమాని ఉండేవాడు. కష్టజీవే కాని, తనను చూసి ఎవరైనా నవ్వితే ఓర్చుకోలేకపోయేవాడు.

అతని మిద్దె మీద ఎండకు నీళ్ళు కాగే సోలార్ తొట్టి ఉండేది. చలికాలంలో పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. నీళ్ళు కాగేవి కావు. బసకు వచ్చినవాళ్ళు వణుకుతూ కేకలు వేసేవారు. అందుకని నాయుడు కట్టెల బాయిలర్ ఒకటి పెరట్లో పెట్టించి, దాన్ని పాత సోలార్ లైనుకు కలిపించాడు. నర్సీపట్నం నుంచి వచ్చిన ఫిట్టర్ చిట్టిబాబు బాయిలర్ నెత్తిన సన్నని గొట్టం నిలబెట్టి, మిద్దె దాటించి, చివర తెరిచి వదిలాడు.

"నాయుడు గారూ, చన్నీళ్ళ వైపు వాల్వు ఉంది, నీళ్ళు వెనక్కి పోలేవు. ఆవిరికి ఇదొక్కటే దారి. దీని నోరు ఎన్నడూ మూయకండి" అన్నాడు.

నాయుడి భార్య పైడమ్మ రోజూ తెల్లవారుతూనే మంట వేసేది. నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చేవి. మంట పెద్దదైతే మాత్రం ఆ గొట్టం బుసబుసమంటూ ఆవిరి వదిలి, నాలుగు చుక్కలు చిమ్మేది. ఒకనాడు బసకు వచ్చినవాళ్ళు అది చూశారు.

"ఏమండోయ్, మీ మిద్దె చుట్ట కాలుస్తోందే!"

"ఉమ్ముతోంది కూడానూ!"

అందరూ పకపకా నవ్వారు. నాయుడికి ఆ పూట అన్నం సయించలేదు. కొయ్యతో బిరడా చెక్కి, గుడ్డ చుట్టి, మిద్దె ఎక్కి గొట్టం నోట్లో దిగ్గొట్టాడు.

"ఏటి మావా ఆ పని? ఫిట్టరు ఏటి సెప్పాడు?" అంది పైడమ్మ.

"ఆడు చెప్పి పోయాడు. నవ్వులపాలయ్యేది నేను."

"నవ్వితే నవ్వనీ. నవ్వుకి ఒళ్ళు కాలదు గదా."

"నువ్వు కుండకి మూత పెట్టకుండానే వండుతున్నావా?"

"పెడతాను. ఎసరు పొంగితే తీస్తాను కూడా."

నాయుడు మిద్దె దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు చలి మరీ ఎక్కువగా ఉంది. వచ్చినవాళ్ళు దుప్పట్లు కప్పుకుని వరండాలో టీ తాగుతున్నారు. ఇంకా ఎవరూ కుళాయి తిప్పలేదు. బాయిలర్ మూలగసాగింది.

"మావా, దీని అరుపు నాకు నచ్చలేదు. మిద్దెక్కి ఆ బిరడా లాగెయ్" అని పైడమ్మ కేక వేసింది.

నాయుడు వరండా వైపు చూశాడు. ఇప్పుడు మిద్దె ఎక్కితే మళ్ళీ నవ్వుతారు.

"ఈళ్ళ స్నానాలు కానీ, చూద్దాం" అన్నాడు.

పైడమ్మ ఇక ఆగలేదు. మండే కట్టెల్ని తానే బయటికి లాగుదామని పొయ్యి ముందు వంగింది. అంతలో బాయిలర్ పేలి, మరిగే నీళ్ళు ఆమెను ముంచెత్తాయి.

ఆసుపత్రికని జీపులో ఘాటు రోడ్డు దిగుతుండగా ఆమె భర్త ఒడిలో ఒకసారి కళ్ళు తెరిచింది.

"ఆళ్ళకి నీళ్ళు అందాయా, మావా?" అంది. నర్సీపట్నం చేరకముందే ప్రాణం పోయింది.

నాయుడు శవాన్ని తీసుకుని తిరిగివచ్చేసరికి గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. బసకు వచ్చినవాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు. ఎవరి నవ్వుకు జడిశాడో వాళ్ళ పేర్లయినా అతనికి తెలియవు. చితికి నిప్పు పెడుతూ, "నా చేతులతో నేనే చంపుకున్నాను" అని గుండెలు బాదుకున్నాడు.

దారిన పోయేవారి ఎగతాళికి జడిసి, అయినవారి హెచ్చరికను పెడచెవిన పెట్టేవాడు తన కొంపను తానే కూల్చుకుంటాడు.