మారు వడ్డన

1994 మే 28, శనివారం. రోహిణి కార్తె. రాజమండ్రిలో పొద్దున్నే వడగాలి మొదలైంది. ఆ గాలికి మా పెరట్లో కరివేపాకు మొక్క మాడిపోయింది. అది వేరే సంగతి.

మిట్టమధ్యాహ్నం సువార్త చెమటలు కక్కుతూ కరీముల్లా మాస్టారింటికి వచ్చింది. నేను అప్పటికే అక్కడ చదరంగం ముందు కూర్చుని ఉన్నాను. మాస్టారూ నేనూ కాలేజీలో ఒకే బెంచీ. ఆయన కంప్యూటర్ల వైపు వెళ్లారు, నేను వెళ్లలేదు.

జలాశయంలో రోజూ నీళ్లెంత ఉన్నాయో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి మాస్టారు వయసులో ఉండగా అప్పటి కంప్యూటర్ భాష ఫోర్‌ట్రాన్‌లో రాశారు. దాన్ని సి భాషలోకి మార్చే పని ఆయన శిష్యురాలు సువార్తది. తాత్కాలిక ఉద్యోగం. సోమవారం ఇంజనీర్ల ముందు పాత లెక్కా కొత్త లెక్కా కలిస్తే ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికే.

అవి కలవడం లేదు. వాన పడిన రోజు రెండూ ఒకటే చెబుతున్నాయి. వాన లేని రోజు మాత్రం పాతదాంట్లో నీళ్లు కాస్త తగ్గుతున్నాయి, కొత్తదాంట్లో తగ్గడం లేదు. ఒక్కో జల్లుకీ ఒకసారి వచ్చిన నీళ్లు కలిపి, ఆవిరైనవి తీసేయాలి. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి పాత భాషలో డూ లూపు, కొత్త భాషలో ఫర్ లూపు. రూపం వేరైనా రెండూ చేసే పని ఒకటేనని ఆమె వాదించింది. పాత ప్రోగ్రామే తప్పుచేస్తోందని కూడా అంది.

"కారణం దొరికేదాకా ఇక్కణ్ణించి కదలను మాస్టారూ."

"తిన్నావా?"

"ఆకలి లేదు. దొరికాకే తింటాను."

మాస్టారు లేచి వెళ్లి మా ఇద్దరి ముందూ కంచాలు పెట్టారు. అన్నం గిన్నె, గరిటె తెచ్చారు.

"పెట్టమంటావటోయ్?" అని ముందు నన్నడిగారు. నేను ఇంట్లో గోంగూర పచ్చడితో తినే వచ్చాను. వద్దన్నాను. సరేనని సువార్త వైపు తిరిగారు.

ఆమెను అడగలేదు. కంచంలో ఒక గరిటెడు అన్నం పెట్టేసి, అప్పుడడిగారు.

"మారు వడ్డించనా?"

"వద్దు మాస్టారూ. అసలు ఆకలే లేదంటుంటే."

"ఇద్దరూ వద్దనే అన్నారు," అన్నారు మాస్టారు.

సువార్త నా ఖాళీ కంచం చూసింది. తన కంచం చూసింది. మళ్లీ నాది చూసింది.

"జల్లులు సున్నా అయినా పాత లూపు ఒకసారి పెట్టేసే అడుగుతుంది, కొత్తది ముందే అడుగుతుంది," అంది నెమ్మదిగా.

"వాన పడకపోతే నీళ్లు ఆవిరి కావా అమ్మా?"

ఆమె అన్నం కలుపుకుంది. కొత్త భాషలోనూ పెట్టేసి అడిగే లూపు ఒకటుందట. మారు తనే అడిగి పెట్టించుకుని, తిని, ప్రోగ్రాం దిద్దడానికి బల్ల దగ్గరికి వెళ్లింది. సోమవారం లెక్కలు కలిశాయి.

మాస్టారు పోయాక ఇల్లు కూతురు షమీమ్‌కి వెళ్లింది. పుస్తకాలు కాలేజీకి. అన్నం గరిటె సువార్తకి. కావాలా అని ఆమెను అడగకుండానే రాసిపెట్టారు.

నాకేమీ రాలేదు. నన్ను ముందే అడిగారు, నీకేం కావాలోయ్ అని. వద్దన్నాను.