తిప్పరుసు తెల్లగుడ్డ

ఏం చూశారు? చెప్పండి! తలుపు సందులోంచి తొంగి చూశారుగా, ఇప్పుడు నీళ్లు నములుతారేం? కుంభగిరి కొలువుకూటంలో సింహాసనం గోడకు ముఖం పెట్టుకుని ఉందా, లేదా? తివాచీ కప్పు నుంచి వేలాడుతోందా, లేదా? కిటికీ లేని గోడకు పట్టుతెర కట్టి ఉందా, లేదా?

చూశారు. సరే, అలా ఎందుకయిందో నేనే చెబుతాను.

కుంభగిరి రాజు పెదసోమ భూపాలుడికి ఒకటే బాధ. వియ్యంకుడు వచ్చినప్పుడల్లా కొలువులో కూర్చోగానే గుర్రు పెడతాడు. పోయినసారి ఆ గురకకు ఏనుగే లోపలికి వచ్చిందనుకుని ఆస్థానకవి పద్యం మధ్యలో ఆపేసి స్తంభం ఎక్కాడు.

"ఈసారి ఆయన రెప్ప వాలకూడదు. కూటమంతా మార్చెయ్యండి!" అన్నాడు రాజు.

ఆ పని కొత్తగా కొలువులో చేరిన పైడితల్లి మీద పడింది. గదులను అందంగా, వసతిగా తీర్చడం ఆమె విద్య. ఈ కొలువు నిలబడకపోతే అన్నగారింటికి తిరిగిపోవాలి. అక్కడ వదిన వడ్డించే అన్నంతోపాటు ఆవిడ మాటలూ మింగాలి.

పైడితల్లి కూటం నడుమ చతికిలబడి చూడసాగింది. ఎండ ఎటు పడుతోంది, గాలి ఎటు వీస్తోంది, వియ్యంకుడు ఎక్కడ కూర్చుంటాడు. అంతలో రాజు వచ్చాడు.

"చిన్న మార్పేనమ్మా. ఆ వెండి నెమలిని కాస్త ఎడమకు."

జరిపించింది.

"కుడికైతే?"

జరిపించింది.

"అబ్బే, అసలు నెమలే వద్దు."

తీయించింది. పొద్దు వాలేసరికి మళ్లీ వచ్చాడు. "మొదట ఉన్నచోటే బాగుంది సుమా!"

సాయంత్రం కూలి పంచే వేళయింది. కుంభగిరిలో దానికో పద్ధతి ఉంది. బొక్కసం అధికారి తిప్పరుసు భుజం మీది తెల్లగుడ్డతో ఒక్కొక్కరి నుదురు ఒత్తుతాడు. గుడ్డ తడిస్తే కూలి, తడవకపోతే పొమ్మంటాడు. ఆనుపానులు తెలిసినవాళ్లు బావి దగ్గర ఆగి నుదురు తడుపుకుని మరీ వస్తారు. పైడితల్లికి ఎవరూ చెప్పలేదు. గుడ్డ పొడిగా వచ్చింది.

"కూర్చున్నందుకు కూలా?" తిప్పరుసు నవ్వాడు. "ఏం మోశావు? ఏం ఎత్తావు?"

"ఆలోచించానయ్యా."

"ఆలోచన మా ఇంట్లో పిల్లి కూడా చేస్తుంది. దానికి జీతమిస్తున్నానా?"

"పాలైనా పోస్తున్నారుగా!"

తిప్పరుసు మొహం మాడిపోయింది. "రేపు చెమట పట్టే పని చెయ్యి. లేదా మూట సర్దుకో!"

సరేనంది. మర్నాడు బోయీలను పెట్టి కూటంలో ఉన్నవన్నీ ఎత్తించింది, దించింది, వేలాడదీయించింది. అందరికీ చెమటలు కారిపోయాయి. మీరు తలుపు సందులోంచి చూసింది అదే.

రాజు అడుగుపెట్టి గావుకేక పెట్టాడు. "వియ్యంకుడు కోటగుమ్మం దాకా వచ్చేశాడు! ఇదేమిటమ్మా?"

"మోయవలసిందంతా మోయించాను ప్రభూ. ఆలోచన ఒక్కటే కలపలేదు. దానికిక్కడ కూలి లేదట."

తిప్పరుసు మీసం దువ్వాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా ప్రభూ? చిటికెలో నేను సర్దిస్తాను."

సింహాసనాన్ని తలుపువైపు తిప్పించి రాజును కూర్చోబెట్టాడు. ఎండ సూటిగా రాజు కళ్లలో కొట్టింది. పక్కకు జరిపించాడు. స్తంభం అడ్డొచ్చి రాజు సగమే కనిపించాడు. వెనక్కి నెట్టించాడు. కప్పు నుంచి తివాచీ ఊడి కిరీటంతో సహా రాజును కప్పేసింది. బయట బాకాలు మోగాయి. తిప్పరుసు కూటం నడుమ నిలబడి తల గోక్కోసాగాడు.

పైడితల్లి దగ్గరకొచ్చింది. "ఏం చేస్తున్నారయ్యా?"

"కనబడటం లేదూ? ఆలోచిస్తున్నాను! నోరు మూసుకో!"

ఆమె అతని భుజం మీది తెల్లగుడ్డ లాగి, అతని నుదురు ఒత్తి, రాజు కాళ్ల ముందు పిండింది. బొటబొటా నీళ్లు కారాయి.

"ప్రభూ, ఈయన గడ్డిపరక కూడా ఎత్తలేదు. మరి ఈ చెమట ఎక్కడిది?"

తివాచీ కింద నుంచి పకపకా నవ్వు వినబడింది. "గుడ్డ తడిసింది! ఆలోచనకీ కూలి ఇవ్వాల్సిందే. నీ ధర చెప్పు పైడితల్లీ!"

"కూర్చుని ఆలోచించిన పొద్దుకు బోయీ కూలికి రెట్టింపు. చిన్న మార్పుకు దానికి రెట్టింపు. కూలి మాట ముందు, పని తరువాత."

"ఇచ్చాను! ముందు ఈ తివాచీ తియ్యి తల్లీ!"

బాకాలు మెట్లెక్కేలోపు కూటం కుదిరింది. ఎందుకు కుదరదు? అంతా నిన్ననే ఆమె తలలో సర్ది ఉంది. వియ్యంకుడి ఆసనం ఇన్నాళ్లూ చల్లగాలి కిటికీ కింద ఉండేది. దాన్ని వంటశాల గుమ్మానికి ఎదురుగా వేయించింది. వేగుతున్న గారెల వాసనకు ఆయన రెప్పలు వాలలేదు సరికదా, నాలుగు పద్యాలు విని మరో రెండు చదవమన్నాడు.

రాజు తన చేతి కడియం తీసి పైడితల్లికి ఇచ్చాడు. "తిప్పరుసు కూడా ఈ పూట ఆలోచించాడు. అతని ఆలోచనకు తగిన జీతం ముట్టజెప్పండి."

గిన్నెడు పాలు వచ్చాయి. కొలువంతా ఘొల్లుమంది.

ఆ నవ్వుల్లోనే రాజు మెడ సాచాడు. "అమ్మాయీ, ఆ నెమలిని మాత్రం కాస్త ఎడమకు..."

పైడితల్లి తెల్లగుడ్డ మడత విప్పి, కూలి వేయమన్నట్టు రాజు ముందు పరిచింది. రాజు నాలుక కరుచుకుని నెమలినీ, ఆమెనూ మార్చిమార్చి చూశాడు.

ఆ గుడ్డ మీ చేతికే ఇస్తే, ఇన్నాళ్లూ మీచేత ఊరికే పని చేయించుకున్న ఎవరి నుదురు ముందుగా ఒత్తుతారు?