ఆఫీసు ముడి, మన ముడి

కోనవీడులో పిండిమర నడిపే సన్యాసిరావుకు పిల్లలంటే ఎంత ప్రాణమో, పైనుంచి వచ్చే ఉత్తర్వులంటే అంత ఒళ్ళుమంట. వారమంతా మర దగ్గర పిండి దుమ్ములో ఉండేవాడు. ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే తలంటుకుని, ఖాకీ బట్టలు వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని హైస్కూలు మైదానానికి పోయేవాడు. అక్కడి స్కౌటు దళానికి మాస్టరు ఆయనే. జీతం లేదు, భత్యం లేదు. కట్టుకునే తాళ్ళు కూడా ఇంటినుంచే తెచ్చేవాడు. నిప్పు రాజేయడం, దారి తప్పితే దారి వెతుక్కోవడం, పదిమందికి వండిపెట్టడం, అన్నీ పిల్లలకు ఓపికగా నేర్పేవాడు. ఆ ఓపికంతా పిల్లలకే ఖర్చుపెట్టి, పెద్దల కోసం చిటికెడు కూడా మిగుల్చుకునేవాడు కాదు.

ఆ ఏడు స్కౌట్ల జిల్లా ఆఫీసు ఆయన్ని నిజంగానే కాల్చుకు తింది. మొదట మెడలో కట్టుకునే స్కార్ఫు రంగు మారిందన్నారు. పిల్లలంతా కొత్తవి కుట్టించుకున్నాక, పాతవి ఉన్నా ఫర్వాలేదన్నారు. పరీక్షకు కొన్ని విద్యలు నేర్పమన్నారు. నేర్పాక వాటిలో సగం తీసేశారు. పిల్లల పేర్లు కంప్యూటర్లో ఎక్కించమన్నారు. ఆ కంప్యూటరేమో ఎక్కించిన పేర్లను మింగి ఊరుకునేది. ఫోను చేస్తే సారు మీటింగులో ఉన్నారనేవారు.

సన్యాసిరావు కోపంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే ఆ కోపాన్ని వినాల్సినవాళ్ళ ముందు ఆయన ఏనాడూ పెట్టలేదు. ఆఫీసుకు వెళితే చేతులు కట్టుకుని సరేనండీ అనేవాడు. మర దగ్గరకు వచ్చి, మర చప్పుడును మించి తిట్టేవాడు. పిండి ఆడించుకోవడానికి వచ్చినవాళ్ళు గిన్నెలు పట్టుకుని ఆ తిట్లన్నీ విని వెళ్ళేవారు.

చివరికి ముడి మీద ఉత్తర్వు వచ్చింది. వెదుళ్ళను కలిపి వంతెన కట్టేటప్పుడు మొదట వేసే ముడి ఒకటుంటుంది. సన్యాసిరావు తన చిన్నప్పుడు నేర్చుకున్నదీ, ఇన్నేళ్ళుగా నేర్పుతున్నదీ ఆ ముడే. ఇకనుంచి అది కాదు, మరొకటి వేయాలన్నారు. కొత్తది చూడ్డానికి పొందిగ్గా ఉండేది, వేయడానికి రెండింతల సేపు పట్టేది. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. సన్యాసిరావుకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ వచ్చిన ఆదివారమే పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు.

“ఒరేయ్, ఇది ఆఫీసు ముడి. చూపించడానికి. ఇది మన ముడి. పని చేసుకోవడానికి. పరీక్షకు వచ్చినవాళ్ళు ఉన్నంతసేపూ అది, వెళ్ళగానే ఇది. తెలిసిందా?” అన్నాడు.

పిల్లలకు ఏ పాఠమూ ఇంత తొందరగా తెలియలేదు.

పరీక్షకు ఇందుమతి గారని ఒక రిటైరైన టీచరు వచ్చింది. పిల్లలు ఆఫీసు ముడి వేసి చూపించారు. ఆవిడ ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళింది. ఆవిడ స్కూటరు గేటు దాటిందో లేదో, పిల్లలు ఆ ముళ్ళన్నీ విప్పి పారేసి మన ముడి వేశారు. సన్యాసిరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఏడాదిలో ఆయన అంత నవ్వింది అప్పుడే.

ఇంటికి వచ్చి భార్య నూకరత్నానికి ఈ ముచ్చట చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. పిల్లలకు అబద్ధం ఇంత ముచ్చటగా నేర్పినవాళ్ళను తాను చూడలేదంది. అబద్ధం కాదు, లోకజ్ఞానం అన్నాడు సన్యాసిరావు.

ఆ లోకజ్ఞానం దళంలో బాగా పెరిగింది. గోళ్ళు చూస్తారని అప్పటికప్పుడు కడుక్కుంటే అవి ఆఫీసు చేతులు. హెడ్మాస్టరు కనబడగానే పెట్టేది ఆఫీసు దండం. పిల్లలు అలా అంటుంటే సన్యాసిరావు మీసాల చాటున నవ్వుకునేవాడే గాని, తప్పని అనలేదు.

వానలు వెనకబట్టాక మూడు రోజుల శిబిరం పెట్టుకున్నారు. ఊరికి దూరంగా కొండ కింద జీడితోట, పక్కనే కొండమీంచి పారే వాగు, గెడ్డ అంటారు. బయలుదేరే ముందు రాములమ్మ తన కొడుకు కొండబాబును మర దగ్గరకు తీసుకొచ్చింది. దళంలో అందరికంటే చిన్నవాడు వాడే. తండ్రి లేడు. ఆవిడ కూలికి వెళ్ళి పెంచుకుంటోంది.

“ఈడిని ఎప్పుడూ ఒక్క పూట ఇడిసి ఉండనేదు బాబూ. మీ మాట మీద పంపుతన్నాను,” అంది.

“నా కళ్ళ ముందే ఉంటాడమ్మా,” అన్నాడు సన్యాసిరావు.

తోటకు చేరగానే పిల్లలను వరసలో నిలబెట్టి ఒక్క మాట గట్టిగా చెప్పాడు. గెడ్డలో నీళ్ళు అద్దంలా ఉన్నా నమ్మకూడదు, పైన ఊళ్ళున్నాయి, పశువులున్నాయి. కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలి. ఆ బాధ్యత దళంలో పెద్దవాడైన హేమసుందర్‌కు అప్పగించాడు.

అంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. శిబిరం ఫొటోలు పూట పూటకూ పంపాలట, లేకపోతే శిబిరం జరిగినట్టు లెక్క కాదట. తోటలో ఆ ఫోను ఒక్క నిమిషం పలికితే గొప్ప. కొండ సగం ఎక్కితే గాని ఫొటోలు వెళ్ళవు. తోడొస్తానన్న డ్రిల్లు మాస్టారికి ఆఖరి నిమిషంలో ఆ ఆఫీసువాళ్ళే వేరే డ్యూటీ వేశారు. ఇక సన్యాసిరావు కాలుగాలిన పిల్లిలా కొండ ఎక్కడం, దిగడం, పంపినవి చేరలేదంటే మళ్ళీ ఎక్కడం. కింద ఉంటే పైన ఫోను మోగుతోందేమోనని, పైన ఉంటే కింద పిల్లలేం చేస్తున్నారోనని, ఆ మూడు రోజులూ ఆయన మనసు ఒకచోట నిలవలేదు. దిగి వచ్చినప్పుడల్లా పొయ్యి వంక చూసేవాడు. గిన్నెలో నీళ్ళు తెర్లుతుండేవి. ఎవరు విన్నా వినకపోయినా నా పిల్లలు నా మాట వింటారని ఊరట పడేవాడు.

మూడో రోజు పొద్దున్నే ఎక్కిన కొండను ఆయన మధ్యాహ్నం దిగేసరికి కొండబాబు జీడిచెట్టు కింద పడి ఉన్నాడు. పొద్దుటినుంచీ వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. పిలిస్తే పలకలేదు. సన్యాసిరావు పొయ్యి దగ్గరకు పరుగెత్తాడు. గిన్నెలో నీళ్ళు చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి పెదవులకు అందించాడు. పిల్లలు తాము కట్టిన వంతెన విప్పి రెండు వెదుళ్ళు తెచ్చారు. వాటికి చొక్కాలు తొడిగి మంచంలా చేసి, వాణ్ణి మోసుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తారు. అక్కడినుంచి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు.

డాక్టరమ్మ సెలైను పెట్టి, పిల్లాడు ఏం నీళ్ళు తాగాడని అడిగింది. కాచిన నీళ్ళేనని, తన కళ్ళతో చూశానని సన్యాసిరావు నొక్కి చెప్పాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పిల్లలందరూ నేల చూపులు చూస్తున్నారు. ఆయనకు అనుమానం వచ్చింది. హేమసుందర్‌ను దగ్గరకు పిలిచాడు.

“నీళ్ళు కాచలేదా?”

“కాచాం సార్. అవి మీకు చూపించడానికి.”

“చూపించడానికేమిట్రా?”

“ఆఫీసు నీళ్ళు సార్ అవి. కట్టెలు తడిసిపోయి మండలేదు. అందరికీ కాయాలంటే పొద్దుపోయేది. అందుకని మీరు దిగొచ్చే వేళకు ఒక గిన్నె పెట్టేవాళ్ళం. అందరం తాగింది గెడ్డ నీళ్ళే,” అన్నాడు హేమసుందర్.

వాడి గొంతులో కొంటెతనం లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు. కొట్టడానికని సన్యాసిరావు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎవరి మీద దించాలో ఆయనకు తెలియలేదు.

రాములమ్మ పొలంలోంచి అలాగే పరుగెత్తుకొచ్చింది. కొడుకు కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. సన్యాసిరావును మాత్రం ఒక్క మాట అనలేదు.

“మీరు కాయమనే సెప్పినారంట గదా బాబూ. మీ మాట ఈళ్ళు ఇన్నేదు. మీరేటి సేత్తారు?” అంది.

“విన్నారమ్మా. నా మాటే విన్నారు,” అన్నాడు సన్యాసిరావు.

ఆ సాయంత్రం ఆయన ఆసుపత్రి వసారాలో కూర్చోలేడు, నిలబడలేడు. ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. తప్పు ఆఫీసు మీద పెట్టబోయాడు. ఫొటోలన్నది వాళ్ళే, డ్రిల్లు మాస్టారిని ఆపేసింది వాళ్ళే. అదంతా నిజమే. కాని ఆఫీసు నీళ్ళనే మాట ఆఫీసు నేర్పింది కాదు. దీపాలు పెట్టే వేళకు కొండబాబు కళ్ళు తెరిచి అమ్మను అడిగాడు. అప్పుడు గాని సన్యాసిరావు కూలబడలేదు. కూలబడి, పిల్లల ముందే ఏడ్చాడు.

కొండబాబు కోలుకుని ఇంటికి వచ్చాక సన్యాసిరావు ఇందుమతి గారి ఇంటికి వెళ్ళాడు. ముడి సంగతి దాచకుండా చెప్పాడు. ఆ ముడి తనకు నచ్చలేదనీ, ఎందుకు నచ్చలేదో ఇదీ అనీ మొదటిసారి ఎదురుగా అన్నాడు. ఆవిడ ఆయన్ని కూర్చోమంది.

“నాకూ నచ్చలేదండీ. నేను పైకి రాస్తే, ఏ దళం నుంచీ అభ్యంతరం లేదు, అందరూ చక్కగా వేస్తున్నారు కదా అన్నారు. మీ పిల్లలు వేసిన ముడి చూసి నేనూ అదే అనుకున్నాను,” అంది.

సన్యాసిరావు అభ్యంతరం రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ ఏడు ముడి మారలేదు. అభ్యంతరం ఇచ్చిన మరుసటి ఆదివారమే పిల్లలతో ఆ సంగతి చెప్పాడు. ఈ ముడి నాకిష్టం లేదు, ఆ మాట వాళ్ళతోనే చెప్పాను, మారేదాకా మనం వేసేది ఇదే అన్నాడు. పిల్లలు సణిగారు. ఆయన కూడా సణుక్కుంటూనే తాడు పట్టుకున్నాడు. వాళ్ళతో కూర్చుని, ఎవరూ చూడని ఆ మైదానంలో ఆఫీసు ముడితోనే వంతెన మొత్తం కట్టాడు.

నచ్చని మాటను ఎదురుగా కాదనాలి. ఎదుట ఒకటి, చాటున ఒకటి చేయడం పిల్లలకు నేర్పితే, ఆ విద్యను వాళ్ళు ముందుగా చూపించేది నేర్పినవాడి మీదే.