ఫొటోలో సగానికి దండ

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం కృపామణి టీచరుగారి అలవాటు కాదు. అడిగినవాడికి ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని ముగించుకుని తిరిగొచ్చేసరికి కొందరు తాము అడిగిందేమిటో మరిచిపోయేవారు. మరిచిపోనివారికి మళ్ళీ అడగబుద్ధి అయ్యేది కాదు. విజయనగరంలో చాలా ఏళ్ళు హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పి, రిటైరయ్యాక ఆవిడ ఇంటర్నెట్‌లో పదిమందీ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో చేరారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఆవిడ వసారాకు చేరేవారు. ఆ పనికి జీతం లేదు, పేరు లేదు. ఉన్నదల్లా కొట్లాట. ఒక రైలుస్టేషను ఏ సంవత్సరంలో కట్టారన్నదాని మీద ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానుకున్న చరిత్ర ఆ వసారాకు ఉంది.

ఒక ఆదివారం అందరికంటే ముందు మధుకేశ్వర్ వచ్చాడు. కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఆవిడ శిష్యుల్లో నిక్కచ్చి మనిషి అని పేరు. ఎవరు ఏ వాక్యం రాసినా “మూలం ఏది? ఎక్కడ అచ్చయింది?” అని వెంటపడేవాడు, మూలం చూపలేకపోతే ఆ వాక్యాన్ని తీసిపారేసి, తీసేసినందుకు కారణం కూడా మర్యాదగా రాసిపెట్టేవాడు. అలాంటివాడు ఆరోజు కుదురుగా కూర్చోలేకపోయాడు. చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పాడు. టీచరుగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అతన్ని చూడనట్టే ఊరుకున్నారు.

చివరికి అతనే అడిగాడు. “టీచరుగారూ, రెండువైపులవాళ్ళూ చెప్పింది రాశాను. నా సొంత మాట ఒక్కటి కలపలేదు. ఎవరి పక్షమూ వహించలేదు. తటస్థంగా ఉండడమంటే అదే కదా? మరి నా మనసు నిలవడం లేదేం?”

“ఏం రాశావో చదువు” అన్నారావిడ.

అతను చదివాడు: “బోనెల సన్యాసమ్మ మరణించారని ప్రచురిత మూలాలు పేర్కొంటుండగా, ఆమె జీవించే ఉన్నారని కుటుంబ సభ్యులు భావిస్తున్నారు.”

టీచరుగారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

ఈ సన్యాసమ్మ జముకులకథ చెప్పే మనిషి. జముకు అంటే లోపల తీగ బిగించిన చిన్న వాద్యం. దాన్ని చంకలో ఇరికించుకుని తీగ మీటుతుంటే ఆ గుమగుమకు ఊరు ఊరంతా నిద్ర మానుకుని కూర్చునేది. అలాంటి కళ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదని బాధపడి, ఆవిడ మీద వ్యాసం మొదలుపెట్టింది మధుకేశ్వరే. ప్రేమగానే రాశాడు. ఒక కళా సంఘం వేసిన ప్రత్యేక సంచిక, ఒక దినపత్రిక ఆదివారం అనుబంధం, జానపద కళల మీద ఒక పుస్తకం, ఈ మూడూ ఆవిడ పేరు ముందు కీర్తిశేషులు అని వేశాయి గనక తనూ అలాగే రాశాడు. కొన్నాళ్ళకు దేవిక అనే అమ్మాయి వచ్చి ఆ ముక్క తీసేసింది. మధుకేశ్వర్ మళ్ళీ పెట్టాడు. “మా అమ్మమ్మ బతికే ఉందండీ” అని ఆ పిల్ల, వ్యాసం మంచిచెడ్డలు వాదించుకునే చర్చాపేజీలో రాసింది. “మూలం చూపగలరు” అని ఇతను రాశాడు. “మా అమ్మమ్మే మూలం” అంది. ఎవరి గురించి వారు చెప్పుకున్నది చెల్లదనీ, బంధువుల మాట అసలే చెల్లదనీ, ఎదురుగా మూడు ప్రచురణలున్నాయనీ ఇతను విడమరిచి చెప్పాడు. చూస్తుండగానే చర్చాపేజీ వ్యాసం కంటే పెద్దదయింది. హైదరాబాదు నుంచి ఒకాయన మధ్యవర్తిత్వానికి దిగాడు. ఆ గొడవ సర్దుబాటు చేయడానికే మధుకేశ్వర్ పై వాక్యం అల్లాడు. తూకం తప్పని వాక్యమని పదిమందీ మెచ్చుకున్నారు కూడా.

మెచ్చుకోలు మీద మెచ్చుకోలు వస్తుండగా, వాటి అడుగున దేవిక ఇంకొక్కసారి రాసింది. ఒక కాలేజీవాళ్ళు అమ్మమ్మను కథ చెప్పడానికి పిలిచారట. తర్వాత ఫోన్‌లో ఈ పేజీ చూసుకుని, పిలుపు రద్దు చేసి, అదే సభలో ఆవిడకు మౌనం పాటించారట. “అమ్మమ్మకి మీ వాక్యం చదివి వినిపించాను. నవ్వింది. ఆ తర్వాత జముకు తీయించి అటక మీద పెట్టించేసింది.” అప్పటినుంచి మధుకేశ్వర్‌కు తిండి సయించడం లేదు. రూల్ ప్రకారం తాను చేసింది తప్పు కాదు. తప్పు కానిదాన్ని ఎలా దిద్దుకోవాలో అతనికి తెలియలేదు.

అంతా విని టీచరుగారు లోపలికి వెళ్ళారు. ఒక గుడ్డసంచీ పట్టుకొచ్చి అతని చేతికిచ్చారు. అందులో ఆవిడ రిటైరైనప్పుడు కప్పిన శాలువాల్లో ఒకటి ఉంది. దాని పక్కన, తన భర్త ఫొటోకు పాతది తీసి వేద్దామని తెచ్చుకున్న కొత్త గంధపు దండ ఉంది.

“ఆవిడ ఇంటికి వెళ్ళి మర్యాద చేసి రా. బతికున్నవాళ్ళకి శాలువా, పోయినవాళ్ళకి దండ. నీ వాక్యంలో రెండూ ఉన్నాయి కనక రెండూ పట్టుకెళ్ళు. ఎవరి పక్షమూ వహించకు” అని మళ్ళీ చిక్కుడుకాయల ముందు కూర్చున్నారు.

ఇది వేళాకోళమో శిక్షో తేల్చుకోలేక మధుకేశ్వర్ బస్సెక్కాడు. పార్వతీపురం దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి. దారి పొడుగునా సంచీని ఒళ్ళో పెట్టుకుని, కాసేపటికి కాళ్ళ దగ్గర పెట్టుకుని, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. దండ కొస ఒకటి సంచీలోంచి బయటికి వేలాడుతూనే ఉంది. పక్క సీటులో ముసలాయన దాన్ని చూసి గొంతు తగ్గించి, “ఎవరు పోయారు బాబూ?” అని పరామర్శించాడు. మధుకేశ్వర్ నోట్లోంచి మాట దానంతటదే జారిపడింది. “ఇంకా తేలలేదండీ.” ఆ ముసలాయన దిగేదాకా మరి అతని వైపు చూడలేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద ఎనభై దాటిన మనిషి చింతపండు గింజలు తీస్తోంది. పక్కన నిలబడ్డ అమ్మాయి ఎవరు కావాలని అడిగితే, విజ్ఞాన సర్వస్వంలో తాను వాడే పేరు చెప్పాడు. అమ్మాయి మొహం గట్టిపడింది.

“ఓహో, మీరేనా” అంది దేవిక. “అమ్మమ్మా, ఆ చర్చ గురించి చెప్పాను కదా, ఆయనే.”

సన్యాసమ్మ కళ్ళు చికిలించి చూసింది. “నాను సచ్చిపోనానని రాసిన బాబువి నువ్వేటి? రా, కూకో. మావోల్లేమో బతికున్నానని బావిస్తన్నారంట కదా. ఒలే, బాబుకి మంచినీల్లియ్యి.”

అతను కూర్చోలేదు. ఆవిడ మాటలో కోపం ఉంటే బాగుండుననుకున్నాడు. కోపానికైతే చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. సంచీని వీపు వెనక దాచబోయాడు. ఆవిడ అప్పటికే చూసేసింది. “ఏటి తెచ్చినావు?” అని చెయ్యి చాపి సంచీ లాక్కుని, శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది. దండ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. దేవిక ముఖం ఎర్రబడింది. మధుకేశ్వర్‌కు నేల చీలితే బాగుండుననిపించింది.

“మంచి వాసనొస్తంది” అంది సన్యాసమ్మ. “తెచ్చినోడివి ఉత్తినే పట్టుకెల్లిపోకూడదు. లోపల మా సినతల్లి ఉంది, దానికెయ్యి.”

లోపలి గోడకు ఒకటే ఫొటో. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఒకరి చంకలో జముకు ఉంది. మూల కొంత చెదలు తిన్న మరక. మధుకేశ్వర్ ఆ మరకను గుర్తుపట్టాడు. ప్రత్యేక సంచికలో ఉన్నది ఈ ఫొటోనే. దినపత్రికలో ఉన్నదీ ఇదే, పుస్తకంలో ఉన్నదీ ఇదే, ఇదే మరకతో. కింద పేర్లు కూడా మూడింట్లోనూ ఒకేలా ఉన్నాయి: కీర్తిశేషులు బోనెల సన్యాసమ్మ, చినతల్లి. వాటిని మూడు మూలాలని లెక్కపెట్టింది తనే.

“జముకున్నది నాను. ఇటుపక్కది సినతల్లి, నాకు వంత పాడేది. అదే పోనాది” అంది సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి. సంఘంవాళ్ళు వచ్చి ఈ బొమ్మ అడిగి పట్టుకెళ్ళారనీ, పోయినావిడ పేరు పక్కన పడాల్సిన ముక్క ముందున్న పేరుకు అంటుకుపోయిందనీ, తర్వాత అందరూ అదే ఎత్తి వేసుకున్నారనీ దేవిక చెప్పింది. ఈ సంగతి చర్చాపేజీలో కూడా రాశానంది. రాసింది. మధుకేశ్వర్ చదివాడు కూడా. చదివి, బంధువుల మాట అని పక్కన పెట్టాడు.

అతను పీటెక్కి దండ వేశాడు. ఫొటో నడిమధ్య ఒకటే మేకు ఉండడంతో దండ ఇద్దరి మెడల మీదా చక్కగా పరుచుకుంది.

“నా మీద పడకుండా ఎయ్యి బాబూ. ఇప్పుడప్పుడే నాకొద్దు.”

దండను చినతల్లి వైపు మూలకు తగిలించాడు. అది అంచు మీద పాకుతూ వచ్చి సన్యాసమ్మ మొహానికి అడ్డంగా ఆగింది. రెండు పేటలు చేసి వేశాడు, జారి కిందపడింది. దారంతో కడదామని చూశాడు. దారం కట్టిన కాసేపటికి ఫ్రేమే ఒరిగిపోయి, దండ మళ్ళీ మధ్యకు వచ్చేసింది. చెమటలు కారుతున్నాయి. సగానికే వేయాలని అతను ఎంత తంటాలు పడుతుంటే అది అంతగా ఇద్దరి మీదా పడుతోంది. దేవిక నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు విని మధుకేశ్వర్‌కు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. గోడవైపు తిరిగి ఉన్నాడు కనక ఎవరూ చూడలేదు.

“తీసీ బాబూ” అంది సన్యాసమ్మ మెత్తగా. “తీసీ. సినతల్లేటీ అనుకోదు.”

అతను తీసేశాడు. ఫొటోలో ఇద్దరూ ముందెలా ఉన్నారో అలాగే నిలబడ్డారు. పీట దిగి, శాలువా మడత విప్పి, ఆవిడ భుజాల చుట్టూ కప్పి, అలవాటు లేకపోయినా వంగి కాళ్ళకు దండం పెట్టాడు. ఆవిడ అతని తల నిమిరి, మనవరాలి వైపు తిరిగి, “అటకమీంచి అది దింపు” అంది. దేవిక చటుక్కున నిచ్చెన తెచ్చింది. జముకు మీద దుమ్ము కొంగుతో తుడిచి, తీగ బిగించి, సన్యాసమ్మ మొదటి వరస ఎత్తుకుంది. గొంతు కాస్త బొంగురుపోయింది గాని పట్టు తప్పలేదు. వంత అందుకోవలసిన చోట ఆగి, ఒక క్షణం ఫొటో వైపు చూసి, ఆ వంత కూడా తానే పాడుకుంది.

మధుకేశ్వర్ విజయనగరం చేరేసరికి సాయంత్రమైంది. వసారాలో అందరూ వెళ్ళిపోయారు. టీచరుగారు కాఫీ తాగుతున్నారు. సంచీలోంచి దండ తీసి బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. చెప్పాక కూడా అతని ఆరాటం తగ్గలేదు. ల్యాప్‌టాప్ తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

“కళ్ళారా చూశాను టీచరుగారూ. కానీ నేను చూశానంటే మూలం కాదు కదా? ఆవిడ బతికే ఉందని రాయాలంటే ఏ పుస్తకం చూపించను? పేపర్లో వచ్చేదాకా ఆగమంటారా? మిగతావాళ్ళు ఊరుకోరు. నేనైనా ఊరుకునేవాణ్ణి కాదు.”

“బతికుందని రాయమని నిన్నెవరు అడిగారు?” అన్నారు టీచరుగారు. ఆవిడ లేచి, ఆ దండను తీసుకుని, గోడమీద తన భర్త ఫొటోకు పాతది తీసి వేసి, రెండువైపులా సమంగా సర్దారు. తర్వాత అతని వైపు తిరిగి, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌లో అతని వాక్యం మీద వేలు పెట్టారు.

“వేయడానికి మూలం కావాలి, నాయనా. తీయడానికి ఏం కావాలి?”