పచ్చికర్ర కలం

అనగనగా ఒక రాజ్యం. దాని పేరు అడగకండి పిల్లలూ. మంచి రాజ్యమే అయితే పేరు దానంతటదే మిగిలి ఉండేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరికైనా మరణశిక్ష పడితే, ఆ రోజే అడవికి మనిషిని పంపి అంకుడు చెట్టు కొమ్మ ఒకటి కొట్టించేవారు. దాన్ని కలాలు చేసే వడ్రంగి ఇంటికి చేర్చేవారు. అతను దాన్ని నీడన పెట్టి ఆరబెట్టాలి. బాగా ఎండాక తరిమెనకు బిగించి, తాడుతో గిరగిర తిప్పిస్తూ, ఉలి ఆనించి కలంగా చెక్కాలి. తరిమెన అంటే ఏమిటో తెలుసు కదా? బొంగరాలూ లక్కపిడతలూ చేస్తారే, ఆ సాధనం. అలా చేసిన కలంతోనే రాజు శిక్షాపత్రం మీద చేవ్రాలు చేయాలి. చేసిన వెంటనే దాన్ని విరిచేయాలి. విరిచాక ఆ తీర్పును బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.

కలం తయారయ్యేదాకా ఖైదీ చెరలో బతికే ఉండేవాడు. అంకుడు కర్ర నీడన ఎండాలంటే ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ గడవాలి. రాజుగారి ముత్తాత ఒకప్పుడు కోపంలో ఒక నిరపరాధిని చంపించి, ఆపైన కుమిలి కుమిలి ఈ నియమం పెట్టాడట. కర్ర ఎండేలోగా కోపం చల్లారుతుందనీ, దాగిన నిజం బయటపడుతుందనీ ఆయన ఆశ. నిండుసభలో రాజు "కర్ర ఎండిందా?" అని అడగాలి. వడ్రంగి దేవుడి మీద ప్రమాణం చేసి "ఎండింది ప్రభూ" అనాలి. ఆ మాట వినకుండా రాజు కలం ముట్టుకోకూడదు.

ఈ పని ఓబులాచారిది. తరిమెన పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. ఒకరు తాడు లాగాలి, ఒకరు ఉలి పట్టాలి. తాడు లాగేది అతని భార్య నాంచారి. కర్ర ఎండిందో లేదో చెప్పేది కూడా ఆవిడే. కొమ్మను చెంపకు ఆనించుకునేది. చల్లగా తగిలితే లోపల ఇంకా చెమ్మ ఉన్నట్టు లెక్క. "ఇంకా పచ్చిదేనయ్యా" అనేది. ఓబులాచారి మారుమాట లేకుండా కొమ్మను మళ్లీ నీడన పెట్టేవాడు.

అప్పుడు రాజు రణకేసరి. పేరులో సింహం ఉంది గానీ, ఆయనకున్నదల్లా ముక్కు మీద కోపం.

ఒకసారి రాజుగారి పట్టపుగుర్రం నురగలు కక్కి చచ్చింది. లాయం పక్కన గొర్రెలు మేపుకుంటున్న గంగులప్పను పట్టుకొచ్చారు. "వీడే విషం పెట్టాడు" అన్నారు భటులు. రాజు మరణశిక్ష వేశాడు. అంకుడు కొమ్మ ఓబులాచారి ఇంటికి వచ్చింది.

వానలు కురిశాయి, వెలిశాయి. కొమ్మ ఇంకా చల్లగానే ఉంది. ఈలోగా లాయంలో ఇంకో గుర్రం పడింది. దాని వెనకే మరొకటి. గంగులప్ప చెరలో ఉన్నాడు, వాటికి విషం ఎలా పెడతాడు? పశువైద్యుడు వచ్చి చూసి, ఇది గుర్రాల తెగులని తేల్చాడు. గంగులప్పను వదిలేశారు. అతను గొర్రెల్ని వెతుక్కుంటూ ఏడుస్తూ పోయాడు.

ఊళ్లో జనం నవ్వుకున్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, రాజుకు గుర్రాలు పోయినందుకన్నా ఆ నవ్వుకే ఎక్కువ మండింది.

రెండోసారి రాజు పులుసన్నం తిని నెత్తురు కక్కుకున్నాడు. వంట చేసింది మాణిక్యం. చిన్నప్పటినుంచీ ఆ వంటశాలలోనే పెరిగిన మనిషి. "నాకు విషం పెట్టింది" అన్నాడు రాజు. కొమ్మ వచ్చింది. కానీ ఈసారి కొమ్మతోబాటు ఓబులాచారికి సభకు రమ్మని కబురు కూడా వచ్చింది.

"ఓబులాచారీ, ఈ కర్ర ఎప్పటికి ఎండుతుంది?" అని అడిగాడు రాజు.

"వచ్చే ఎండాకాలం పోవాలి ప్రభూ."

"నాకంత ఓపిక లేదు. ఎండబెట్టే దారి ఇంకేమీ లేదా? నువ్వు తెలివైనవాడివని విన్నాను. ఆస్థాన శిల్పి పదవి ఖాళీగా ఉంది."

ఓబులాచారి తల వంచుకున్నాడు. పుట్టినప్పటినుంచీ కర్రపొట్టులో బతికినవాడు. రాజు నోట శిల్పి అనే మాట వినగానే అతని ఛాతీ ఉబ్బింది. అందుకు నేనతన్ని తిట్టను, ఆ మాటకు ఎవరి ఛాతీ అయినా ఉబ్బుతుంది. తర్వాత చేసినదానికి తిడతాను.

ఇంటికొచ్చి బాణలిలో ఇసుక పోసి వేయించాడు. సెగలు కక్కే ఆ ఇసుకలో కొమ్మను పాతాడు. పొద్దు వాలేసరికి బెరడు పెటపెట పగిలింది, పైన కర్ర తెల్లగా ఎండినట్టు కనబడింది. నాంచారి దాన్ని చెంపకు ఆనించుకుంది.

"పైన వేడి, లోపల చల్లన. పచ్చిదేనయ్యా ఇది."

"పైన ఎండింది కదే."

"పైన ఎండితే ఎండినట్టా? ఒక ఆడదాని ప్రాణమయ్యా."

"చంపేది నేనా? రాజు చంపుతున్నాడు. నేను కలం చేస్తున్నాను. తాడు లాగు."

నాంచారి తాడు లాగింది. ఆ మాట దాచి చెబితే కథకు న్యాయం కాదు, ఆవిడా లాగింది. ఉలి ఆనగానే ఎండుకర్రలా పొడి రాలలేదు. పొట్టు పొడుగ్గా, తడితడిగా తాడులా సాగి వచ్చింది. చెమ్మ చిమ్మి ఇద్దరి మొహాల మీదా పడింది. ఇద్దరూ తుడుచుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు నిండుసభ.

"కర్ర ఎండిందా?" అన్నాడు రాజు.

"ఎండింది ప్రభూ" అన్నాడు ఓబులాచారి.

రాజు చేవ్రాలు చేశాడు. కలం విరిచాడు. పచ్చికర్ర కదా, ఫట్‌మని విరగలేదు. మెలితిప్పి పీకాల్సి వచ్చింది. సభలో అందరూ చూశారు. అందరూ నేల చూపులు చూశారు. పొద్దుగూకకముందే మాణిక్యాన్ని చంపేశారు.

పట్టుమని పక్షం గడిచిందో లేదో, కొత్త వంటవాడు అదే గిన్నెలో పులుసు కాచాడు. రాజు మళ్లీ నెత్తురు కక్కుకున్నాడు. తీరా చూస్తే అది కళాయి పోయిన రాగిగిన్నె. పులుపు తగిలి చిలుము దిగి, పులుసంతా విషమైంది. కళాయి వేయించమని మాణిక్యం మొత్తుకుంటే పట్టించుకున్నవాడే లేడని వంటశాలలో వాళ్లు చెప్పారు.

గిన్నెకు కళాయి వేశారు. మాణిక్యానికి ఏం వేస్తారు?

ఓబులాచారికి మాత్రం శాలువా కప్పారు, పదవి ఇచ్చారు. రాజుకు దారి దొరికింది. ఆపైన కోపం వచ్చిన ప్రతిసారీ కొమ్మ రావడం, ఇసుక వేగడం, "ఎండింది ప్రభూ" అనడం. పోను పోను ఇసుక కూడా మానేశాడు ఓబులాచారి. కొట్టిన కొమ్మను కొట్టినట్టే తరిమెనకు ఎక్కించేవాడు. వీధిలో మిగతా వడ్రంగులు వచ్చి అడిగితే, గొప్పగా కూర్చోబెట్టి ఆ కిటుకు నేర్పేవాడు కూడా.

నాంచారి మాణిక్యం పోయిన నాటినుంచి తాడు ముట్టుకోలేదు. అతను కూలిమనిషిని పెట్టుకున్నాడు. ఆవిడ ఒకనాడు సంతలో, నలుగురూ వింటుండగా, గొంతెత్తి చెప్పేసింది.

"వినండి తల్లీ, వినండి నాయనా! మాణిక్యం కలం పచ్చిది. నా చెంపతో చూశాను. నా చేత్తోనే తాడు లాగాను. ఎండని కర్రతో రాజు ప్రాణాలు తీస్తున్నాడు!"

జనం గబగబా తట్టలు సర్దుకున్నారు. కూరగాయలమ్మే ఒక ముసలమ్మ మాత్రం "నోరు మూసుకో అమ్మా, చంపేస్తారు" అని కొంగు పట్టి లాగింది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? పొద్దు తిరగకముందే నాంచారి చెరలో ఉంది. సింహాసనాన్ని నిందించినందుకు మరణశిక్ష.

ఈసారి నాంచారి కోసం అంకుడు కొమ్మ వచ్చింది. ఓబులాచారి దాన్ని గడప దాటనివ్వలేదు. పరుగున పోయి రాజు కాళ్ల మీద పడ్డాడు.

"ప్రభూ, నేను చేయను. నా చేతులు నరికినా చేయను. కనీసం ఒక్క ఎండాకాలం గడువివ్వండి. కర్రను నీడన ఆరనివ్వండి."

రాజు నవ్వాడు. "చేయకపోతే మానెయ్. నువ్వే పదిమందికీ నేర్పావట కదా?"

అదే వీధిలో, అతని దగ్గరే కిటుకు నేర్చుకున్న బసవాచారికి కొమ్మ పంపారు. ఓబులాచారి అక్కడికీ పరుగెత్తాడు. బసవాచారి అప్పటికే తరిమెన ముందు కూర్చున్నాడు. కాళ్ల దగ్గర తడిపొట్టు పడి ఉంది.

"తమ్ముడూ, నీ వదినరా!"

బసవాచారి తలెత్తలేదు. "నాకూ పిల్లలున్నారన్నా. కాదంటే నా కోసం ఇంకో కొమ్మ కొడతారు" అన్నాడు. చెక్కుతూనే ఉన్నాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి, ఉలి మాత్రం ఆగలేదు.

సభ తీరింది. నాంచారిని సంకెళ్లతో నిలబెట్టారు. ఆవిడ భర్తను వెతికి చూసింది. ఓబులాచారి జనంలో, శాలువా లేకుండా, చెమటతో తడిసి నిలబడి ఉన్నాడు.

"కర్ర ఎండిందా?" అన్నాడు రాజు.

"ఎండింది ప్రభూ" అన్నాడు బసవాచారి, వినబడీ వినబడకుండా.

"అబద్ధం!" అని అరిచాడు ఓబులాచారి. "పచ్చిది ప్రభూ! నిన్న కొట్టిన కొమ్మ అది. ఒక్కరోజులో అంకుడు కర్ర ఎండదు!"

సభ ఒక్కసారిగా కదిలింది. మంత్రి లేచి నిలబడ్డాడు. రాజు చేయి కలం దగ్గర ఆగిపోయింది. ఎంత రాజైనా, ఆ మాట సభలో వినబడ్డాక తేల్చకుండా చేవ్రాలు చేయకూడదు, ఆచారం అది. ఆయన మెల్లగా ఓబులాచారి వైపు తిరిగాడు.

"ఒక్కరోజులో ఎండదా? మరి మాణిక్యం కలం ఒక్కరోజులో ఎండిందని ఇదే చోట నిలబడి ప్రమాణం చేసింది ఎవరు? ఆపైన అందరి కలాలకూ ప్రమాణం చేసింది ఎవరు? చెప్పు ఆచారీ. నువ్వు అబద్ధం చెబుతున్నది ఇప్పుడా, అప్పుడా?"

"అప్పుడు" అంటే, భార్య బతుకుతుంది. కానీ ప్రాణం మీద అబద్ధపు ప్రమాణం చేసినవాడికి ఆ రాజ్యంలో చావే శిక్ష. మాణిక్యాన్ని చంపింది తానేనని, ఆమె తరవాత పోయినవాళ్లందరినీ చంపింది తానేనని నలుగురిలో ఒప్పుకోవాలి. "ఇప్పుడు" అంటే, తను బతుకుతాడు. నాంచారి పోతుంది.

రెండు మాటల్లో ఒకటి అనాలి. అంతే.

ఓబులాచారి నోరు తెరిచాడు. నాలుక లేవలేదు. జనం వైపు చూశాడు. మాణిక్యం భర్త ముందు వరసలోనే ఉన్నాడు, కన్నార్పకుండా చూస్తున్నాడు. ఓబులాచారి మంత్రి వైపు చూశాడు, తలారి వైపు చూశాడు. నాంచారి "చెప్పయ్యా" అంది. గట్టిగా కూడా అనలేదు, ఇంట్లో పిలిచినట్టే అంది.

"జవాబు లేదు. అయితే నీ అభ్యంతరం చెల్లదు" అన్నాడు రాజు. చేవ్రాలు చేశాడు. కలాన్ని మెలితిప్పి పీకాడు.

అప్పుడు వచ్చింది మాట. "అప్పుడే ప్రభూ! అప్పుడే అబద్ధం చెప్పాను! నేనే చంపాను! నన్ను తీసుకోండి!" అని నేలకు తల బాదుకుంటూ అరిచాడు.

"కలం విరిగింది ఆచారీ" అన్నాడు రాజు. "ఇంటికి పో."

నిజమే, ఆచారం ప్రకారం విరిగాక మార్చడానికి వీల్లేదు. అన్ని ఆచారాలనూ తొక్కిన రాజు ఆ ఒక్కదాన్నీ చక్కగా పాటించాడు. నాంచారిని తీసుకుపోయారు. పోతూ ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేదని ఓబులాచారి తర్వాత చాలాకాలం అనుకున్నాడు.

అతన్ని ఎవరూ శిక్షించలేదు. నిజం ఒప్పుకున్నవాణ్ని చంపితే జనం మళ్లీ మాణిక్యం పేరెత్తుతారని రాజు ఊరుకున్నాడు. ఓబులాచారి బతికాడు, ముసలివాడయ్యాడు. ఎవరు ఎదురైనా చెయ్యి పట్టుకుని "అప్పుడే అబద్ధం చెప్పాను నాయనా, అప్పుడే" అనేవాడు. వినేవాళ్లు చెయ్యి విడిపించుకుని పోయేవాళ్లు. ఆ మాట అవసరమైన చోట అతను దాన్ని అనలేదు మరి.

అందుకే పిల్లలూ, పరాయివాడి ప్రాణం మీద అలవోకగా అబద్ధమాడిన నోటికి, తనవాళ్ల ప్రాణం మీదికి వచ్చిననాడు నిజం వేళకు రాదు.