దూడకొక న్యాయం, బిడ్డకొక న్యాయం

గోదావరి మధ్య ఒక లంకలో నూకరత్నం అనే పాడి చేసుకునే ఆవిడ ఉండేది, ఎవరేం చెప్పబోయినా "నాకు తెలీదేంటి!" అని నోరు మూయించడం ఆవిడ అలవాటు. పోనుపోను జనం చెప్పడం మానేశారు, ఆ తర్వాత పలకరించడమూ మానేశారు. మొగుడు పోయి పదేళ్లయింది. తొలిచూలు కొడుకు పుట్టిన మూడోరోజే పోయాడు. తర్వాత పుట్టిన కూతురు లోవ ఎలాగో బతికి బట్టకట్టింది. దాన్ని ఏటి అవతలి ఊరికిచ్చింది. ఇక మిగిలింది బుల్లెమ్మ అనే గేదె. "నువ్వైనా ఊఁ కొట్టవే" అంటూ పొద్దస్తమానం దానితోనే మాట్లాడేది.

లోవ పురిటికొచ్చింది. తల్లికి పాకంతా నిండినట్టయింది. ఇంతలో వరదొచ్చి పడవలు ఆగిపోయాయి. లంకలో ఉండే మంత్రసానే పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది.

"వెంటనే రొమ్ముకు పట్టించు రత్నమ్మా" అంది మంత్రసాని.

"నాకు తెలీదేంటి! ఆ పచ్చని పాలు చెడ్డవి. మూడ్రోజులు పిండి పారబోయాలి. మా అత్త నాకలాగే చేయించింది."

మంత్రసాని తన దారిన వెళ్లిపోయింది. నూకరత్నం పంచదార నీళ్లలో గుడ్డ ముంచి పిల్ల నోట్లో పెట్టింది.

మర్నాటికి పిల్ల ఏడుపు సన్నబడింది. సాయంత్రానికి ఏడవడమే మానేసింది. "పాలిస్తానే అమ్మా" అని లోవ బతిమాలింది. నూకరత్నం కసిరింది గానీ లోపల ఆవిడకు భయం పట్టుకుంది. కొడుకు పోయిన రోజు కూడా పాకలో ఇలాగే ఏడుపు ఆగిపోయింది.

అప్పుడే బుల్లెమ్మ ఈనింది. నూకరత్నం పరుగెత్తుకెళ్లి, తూలుతున్న దూడను పొదుగు దగ్గర నిలబెట్టి చన్ను నోటికందించింది. "తాగరా నాయనా, తాగు! ముర్రుపాలు పడని దూడ నిలవదు" అంటూ వీపు రుద్దింది.

పిల్లను ఎత్తుకుని లోవ గడపలో నిలబడి ఉంది. "దూడకి పట్టేది నా బిడ్డకెందుకు పట్టనివ్వవే అమ్మా? ఇది గేదె కడుపున పుట్టలేదనా?"

నూకరత్నం చూపు గోడ వారకు పోయింది. నలభై ఏళ్లుగా ఏ దూడకూ తప్పించని పాలను, కడుపున పుట్టినవాడికి మాత్రం అందనివ్వకుండా ఆనాడు ఆ గోడ వారనే పారబోసింది.

"పట్టవే తల్లీ!" అంది. కానీ పిల్లకు చప్పరించే ఓపిక లేదు. నూకరత్నం బురదలో పడుతూ లేస్తూ మంత్రసాని ఇంటికి పోయింది. "నాకు తెలీదు, వచ్చి చెప్పవా!" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

మంత్రసాని వచ్చి, లోవ ముర్రుపాలు ఉగ్గుగిన్నెలోకి పిండించి బొట్టుబొట్టుగా పట్టించింది. తెల్లారేసరికి పిల్ల కేరుమంది.

మూడో నెలలో లోవ పిల్లతో పడవెక్కింది. పాక మళ్లీ బోసిపోయింది. నూకరత్నం గోడ వారన కూర్చుని, పేరైనా పెట్టని కొడుకు కోసం వెక్కివెక్కి ఏడ్చింది. "తెలీక చేశాను నాన్నా" అంది. ఊఁ కొట్టేవాళ్లు లేరు.

నీతి: పుట్టిన బిడ్డకు ముర్రుపాలే మొదటి బువ్వ, తెలియనిది తెలియదని ఒప్పుకుని అడిగితే అది దక్కుతుంది, అన్నీ తెలుసనుకుంటే బిడ్డే దక్కదు.